సగం ఖాళీగా కనిపించే నిండు బండి

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు కొత్తవలస స్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడి కిందినుంచి పోయే గూడ్సు బండ్లు చూడటం నాకు పెద్ద సరదా. బైలదిల్లా గనుల నుంచి విశాఖకు దిగే ఇనుప ఖనిజం వ్యాగన్లు అవి. పైనుంచి చూస్తే లోపలంతా కనబడుతుంది కదా, ఒకరోజు అనుమానం వచ్చింది. అంత పెద్ద పెట్టెలో అడుగున ఎర్రటి రాయి కాస్త ఉంది, పైనంతా ఖాళీ. "నాన్నా, ఇదేంటి, సగం ఖాళీగా పంపిస్తున్నారు?" అన్నాను. ఆయన నవ్వి, "ఖాళీ కాదురా, అది నిండు బండే. ఇంకాస్త వేస్తే చక్రాలు మోయలేవు" అన్నారు.

ఆ మాట ఇవాళెందుకు గుర్తొచ్చిందంటే, ఇవాళ చెప్పబోయేది ఇసుక గురించి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అమెరికాలో రైళ్ళు ఇసుకని ఎలా మోశాయో చెబుతాను. ఇసుకలో చెప్పడానికేముంది అనుకోకండి. నాకిచ్చిన పది పన్నెండు నిమిషాలు చాలవేమో అని నాకు టెన్షన్‌గా ఉంది.

ముందు బరువు సంగతి. ఇసుక కంటికి తేలికగా కనిపిస్తుంది, గుప్పెట్లో పట్టుకుంటే జారిపోతుంది. కానీ ఒక ఘనపుటడుగు పొడి ఇసుక దాదాపు 100 పౌండ్లు తూగుతుంది, అంటే 45 కిలోలు. అంతే చోటులో బొగ్గు పోస్తే అందులో సగం, 50 పౌండ్లు. ఈ ఒక్క తేడా దగ్గరే రైల్వే వాళ్ళకి తలనొప్పి మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాడు, 1918లో, అక్కడి ప్రభుత్వం రైళ్ళన్నిటినీ తన చేతిలోకి తీసుకుని బొగ్గు కోసం ఒక హాపరు వ్యాగన్ నమూనా తయారు చేయించింది. అడుగున తలుపులుంటాయి, తెరిస్తే సరుకు కిందికి కారిపోతుంది, దాన్నే హాపరు అంటారు. దాని లోపలి చోటు 1,880 ఘనపుటడుగులు, మోయగలిగింది 55 టన్నులు. ఇక్కడ నేను చెప్పే టన్నులన్నీ అమెరికా టన్నులు, ఒక్కోటి 2,000 పౌండ్లు. బొగ్గుతో అంచుదాకా నింపితే 50 టన్నుల లోపే ఉంటుంది, హాయిగా పోతుంది. అదే వ్యాగన్‌ని అంచుదాకా ఇసుకతో నింపారనుకోండి, 94 టన్నులవుతుంది. ఇరుసులు మోయలేవు, స్ప్రింగులు కూర్చుండిపోతాయి. అందుకని సగం దాటి కాస్త పోసి ఆపాలి. చూసేవాడికి సగం ఖాళీ, రైల్వేవాడి లెక్కలో నిండు బండి. గోడలు పొట్టిగా ఉండే గొండోలా వ్యాగన్లలో అయితే మధ్యలో పోయకుండా రెండు చివర్లా, చక్రాలకు సరిగ్గా పైన, రెండు కుప్పలుగా పోసేవారు. బరువు చక్రాల మీద పడాలి, నడుం మీద పడకూడదు. బియ్యం బస్తా మోసే హమాలీని అడిగినా ఈ మాటే చెబుతాడు.

సరే, ఇప్పుడు నాకు ఇష్టమైన కథకొస్తాను. ఒక కొండ రైలెక్కి వెళ్ళిపోయిన కథ.

మిషిగన్ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఇండియానా రాష్ట్రంలో, మిషిగన్ సిటీ అనే ఊరుంది. ఆ ఊరి పక్కన, సరస్సు అంచునే, గాలి తెచ్చి పోసిన ఇసుక దిబ్బ ఒకటుండేది. దిబ్బంటే మన సముద్రపు ఒడ్డున ఉండే దిబ్బల్లాంటిది కాదు, దాదాపు 200 అడుగుల ఎత్తు, ఇంచుమించు ఇరవై అంతస్తుల మేడంత. పేరు హూసియర్ స్లయిడ్. ఇండియానా వాళ్ళని హూసియర్లంటారు, స్లయిడ్ అంటే జారుడు. హూసియర్ల జారుడుబల్ల అనుకోండి. షికాగో నుంచి జనం స్టీమర్లలో, రైళ్ళలో సెలవులకి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని పైకెక్కి, సరస్సు చూసి, జారుకుంటూ దిగేవారు. పైన పెళ్ళిళ్ళు కూడా జరిగాయట.

ఇప్పుడు ఆ ఊరికి ఆగ్నేయంగా 200 కిలోమీటర్లకు పైగా వెళ్ళండి. మన్సీ అనే ఊరు. అక్కడికి బాల్ సోదరులు వచ్చారు, అయిదుగురు అన్నదమ్ములు, గాజు సీసాల వ్యాపారం. అంతకుముందు వాళ్ళు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఉండేవారు, 1886లో ఫ్యాక్టరీ కాలిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇండియానాలో నేల కింద సహజ వాయువు పడింది, గ్యాసు ఊరికే ఇస్తాం, స్థలం ఇస్తాం, రండి అని మన్సీ వాళ్ళు పిలిచారు. వీళ్ళొచ్చి 1888లో సీసాలు పోయడం మొదలుపెట్టారు. పళ్ళూ కూరలూ ఉడకబెట్టి నిలవ చేసుకునే మూత సీసాలు. మన ఇళ్ళల్లో ఆవకాయ జాడీ ఎలాగో, అక్కడి వంటింట్లో ఆ సీసా అలాగ.

మరి ఇసుక ఉన్న చోటే ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చుగా, ఎందుకంత దూరం? నాకూ మొదట ఇదే ప్రశ్న వచ్చింది. గాజు బరువులో దాదాపు 70 శాతం ఇసుకే, కానీ దాన్ని కరిగించాలంటే విపరీతమైన మంట కావాలి. ఆ రోజుల్లో గ్యాసుని వ్యాగన్లో పోసి పంపలేరు. ఇసుకని పంపొచ్చు. అందుకని కదలగలిగినది కదలలేనిదాని దగ్గరికి వెళ్ళింది, ఇసుక రైలెక్కింది. మిషిగన్ సిటీ నుంచి లేక్ ఎరీ అండ్ వెస్టర్న్ అనే రైల్వే లైను దక్షిణంగా కొకోమో మీదుగా టిప్టన్ దాకా వస్తుంది, అక్కడ తూర్పుకి తిరిగితే మన్సీ. దారిలో కొకోమోలో అద్దాల ఫ్యాక్టరీ ఉంది, దానికీ ఈ దిబ్బ ఇసుకే. షికాగోలో జాక్సన్ పార్కు పల్లం పూడ్చడానికీ, ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే వాళ్ళ కట్టకీ కూడా 1890లలో ఇక్కడి ఇసుకే వెళ్ళింది.

ఎత్తింది ఎలాగంటారా? పార, ఒంటిచక్రం తోపుడుబండి, పలక. దిబ్బ పాదం దాకా పట్టాలు వేశారు. కూలీలు పారతో ఇసుక తీసి తోపుడుబండిలో వేసి, పలక మీదుగా వ్యాగన్లోకి తోసి ఒంపేవారు. ఒక సుఖం ఏమిటంటే, ఇసుక దిబ్బని కిందినుంచి తవ్వితే పైది దానంతటదే జారి వస్తుంది, పైకెక్కి తవ్వక్కర్లేదు. జనం సరదాగా జారిన కొండ కూలీల పార దగ్గరికి తనే జారింది.

ఇలా సుమారు 1890 నుంచి 1920 దాకా ముప్ఫై ఏళ్ళలో వెళ్ళిన ఇసుక కోటీ ముప్ఫై అయిదు లక్షల టన్నులు అని అక్కడి స్థానిక చరిత్ర చెబుతుంది. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను, తప్పైతే దిద్దండి. ఏడాదికి నాలుగున్నర లక్షల టన్నులు. ఏడాదిలో 300 రోజులు పని అనుకుంటే రోజుకి 1,500 టన్నులు. ఆ కాలపు వ్యాగన్‌కి 40 టన్నులు వేసుకుంటే రోజుకి దాదాపు 38 వ్యాగన్లు. అంటే రోజుకో గూడ్సు బండి. అబ్బే, ఇంతేనా అనిపిస్తుంది. రోజుకో బండే. కానీ రోజూ బండే, ముప్ఫై ఏళ్ళు.

1920 నాటికి అక్కడ కొండ లేదు. నేల చదునైపోయింది. తర్వాత ఆ స్థలంలో బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం కట్టారు, ఇసుక బండ్లు బయల్దేరిన చోటికి బొగ్గు బండ్లు రావడం మొదలైంది. బాల్ వాళ్ళ పాత సీసాలు లేత నీలం రంగులో ఉంటాయి, పాత సామాన్లు పోగేసేవాళ్ళకి అవంటే ప్రాణం, ఆ నీలం ఈ దిబ్బ ఇసుక వల్లే వచ్చిందని చెప్పుకుంటారు. అదే నిజమైతే, కొండ వేలాది వంటిళ్ళ అటకల మీద ఇప్పటికీ ఉన్నట్టే. ఆ చుట్టుపక్కల మిగిలిన దిబ్బల్ని కాపాడాలని 1916లోనే షికాగోలో పెద్ద విచారణ సభ జరిగింది, జాతీయ ఉద్యానం హోదా మాత్రం 2019లో వచ్చింది. ప్రభుత్వాల వేగం ఎక్కడైనా ఒకటేనండీ.

మరో మాట. రైళ్ళు ఇసుకని మోయడమే కాదు, ఇసుక లేకపోతే రైళ్ళే కదిలేవి కావు. పట్టా ఇనుము, చక్రం ఇనుము, వాన పడితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అప్పుడు డ్రైవరు మీట లాగితే గొట్టంలోంచి చక్రం ముందు పట్టా మీద సన్నగా ఇసుక పడుతుంది, చక్రం పట్టు దొరకబుచ్చుకుంటుంది. పాత అమెరికన్ ఇంజన్ల బొమ్మలు చూస్తే బాయిలరు వీపు మీద రెండు మూడు గుమ్మటాలుంటాయి, అందులో ఒకటి ఇసుకది. ఎందుకంత పైన పెట్టారంటే బాయిలరు వేడికి ఇసుక పొడిగా ఉండాలని. ప్రతి లోకో షెడ్డులోనూ ఇసుక ఎండబెట్టే గది ఒకటుండేది, మధ్యలో పెద్ద ఇనుప పొయ్యి, దాని చుట్టూ పచ్చి ఇసుక, ఎండిన ఇసుక తనంతట తనే కింది కంతల్లోంచి రాలుతుంది, తడిది అక్కడే అంటుకుని ఉంటుంది. ఎంత తెలివండీ, ఎండిందో లేదో ఎవరూ చూడక్కర్లేదు, ఇసుకే చెబుతుంది. మన బిట్రగుంటలాంటి పెద్ద స్టీము షెడ్లకీ ఇసుక తప్పలేదు. ఇప్పటి కరెంటు ఇంజన్లలోనూ ఇసుక పెట్టెలున్నాయి, ఈసారి స్టేషన్లో ఇంజను ఆగితే చక్రాల ముందు గొట్టం కోసం చూడండి.

ఇక తడి. బరువు తర్వాత ఇసుకతో ఉన్న రెండో పేచీ తడి. రైల్వే వాడు కిరాయి బరువు మీద తీసుకుంటాడు. ఇసుక చవక సరుకు, చాలాసార్లు దాని ధర కంటే కిరాయే ఎక్కువ. కడిగిన ఇసుకని తడిగా ఎక్కిస్తే నీళ్ళకి కూడా కిరాయి కట్టాలి. పైగా చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి వ్యాగన్ మొత్తం ఒకే రాయైపోతుంది, అడుగు తలుపు తెరిచినా రాలదు, గునపాలతో పొడవాలి. అందుకే గాజు ఇసుకని గని దగ్గరే కడిగి, ఎండబెట్టి, పైకప్పున్న పెట్టెల్లో తలుపులకి పలకలు అడ్డం కొట్టి, లోపల కాగితం పరిచి పంపేవారు. ఇనుము తుప్పు కాస్త కలిసినా గాజుకి ఆకుపచ్చ రంగు వస్తుంది మరి. 1930లలో పైన మూత, కింద హాపరు తలుపు ఉన్న పొట్టి వ్యాగన్లు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. పొట్టి ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. నిండు బండి నిండుగానే కనిపించాలంటే బండి చిన్నదవ్వాలి.

ఈ తడి గొడవ నాకు స్వయంగా తెలిసొచ్చింది కాబట్టి అది చెప్పి ముగిస్తాను, ఇల్లు కట్టుకునేవాళ్ళు కాస్త చెవి పెట్టండి. మేడ మీద ఒక గది వేయిస్తూ లారీ ఇసుక తోలించాను, ఆరు యూనిట్లు అన్నారు, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. లారీ అంచుదాకా ఉంది, నేను సంతోషించాను. మేస్త్రి వచ్చి గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదిలాడు. ఇసుక ఉండలా నిలబడింది. "పొంగిన ఇసుకండి ఇది" అన్నాడు.

ఇసుక పొంగడమేంటి అన్నాను. వంటింట్లోంచి నిటారు గోడలున్న పచ్చడి సీసా తెమ్మన్నాడు. అందులో ఇసుకని వదులుగా, తట్టకుండా, 20 సెంటీమీటర్ల ఎత్తుకి పోశాడు. తర్వాత ఆ ఇసుకని పళ్ళెంలోకి ఒంపి, సీసాలో సగానికి నీళ్ళు పోసి, ఇసుకని మళ్ళీ కొంచెం కొంచెంగా వేస్తూ పుల్లతో కదిపాడు. తేరుకున్నాక కొలిస్తే ఇసుక 16 దగ్గర ఆగింది. పూర్తిగా ఎండిన ఇసుకా, పూర్తిగా నీళ్ళలో మునిగిన ఇసుకా ఒకే చోటు పడతాయి. మధ్యలో, కాస్త చెమ్మగా ఉన్నప్పుడే, గింజల చుట్టూ నీటి పొర చేరి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. నూటికి నాలుగైదు పాళ్ళ చెమ్మ చాలు, సన్న ఇసుక పావు వంతు ఉబ్బుతుంది.

అంటే నేను ఆరు యూనిట్లకి డబ్బు కట్టాను, వచ్చింది అయిదుకి తక్కువ. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "కొలిచే ఇచ్చాం కదండీ" అన్నాడు. అదీ నిజమే, కొలిచే ఇచ్చాడు. అందుకే చెబుతున్నా, చెమ్మ ఇసుకని కొలత మీద కొనేటప్పుడు లారీ ఒంపకముందే సీసా తీసుకుని వెళ్ళండి, పావుగంట పని, రేటు అక్కడే మాట్లాడుకోవచ్చు. ఒంపేశాకైతే, నాలాగే, మిగిలేది ఒకటే. మేస్త్రి కలిపేవాళ్ళ వైపు తిరిగి, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పెట్టెలు కాదు, అయిదు వెయ్యండని కేకేశాడు.

నమస్కారం.