క్లచ్ లివర్ లేని బండిలో క్లచ్

శ్రోతలందరికీ నమస్కారం.

గేర్లు లేని స్కూటర్ నడిపేవాళ్లలో చాలామంది "మా బండికి క్లచ్ లేదండీ" అంటారు. చేతికి తగిలే లివర్ లేదన్నది నిజమే. కానీ ఇంజిన్‌ను చక్రానికి కలిపి, విడదీసే క్లచ్ ఉంది. వెనక చక్రం పక్కన, ఎడమవైపు కవరు లోపల కూర్చుని తనంతట తానే పట్టుకుంటూ, వదులుతూ ఉంటుంది. చేతక్ రోజుల్లో ఎడమచేత్తో క్లచ్ నొక్కి, అదే చేత్తో గేరు తిప్పేవాళ్లం. 1980లలో కైనెటిక్ హోండా వచ్చాక ఆ పనంతా ఒక బెల్టుకీ, రెండు పుల్లీలకీ అప్పగించేశాం. అప్పగించి, మరిచిపోయాం కూడా.

నేనూ మరిచిపోయినవాణ్ణే. ఒకరోజు మా ఆవిడను వెనక ఎక్కించుకుని సింహాచలం కొండ ఎక్కుతున్నాను. ఉన్నట్టుండి ఇంజిన్ గట్టిగా అరిచింది, బండి మాత్రం ఆగిపోయింది. వెనక పెద్ద వాహనమేదీ లేకపోవడం మా అదృష్టం. కవరు విప్పి చూస్తే బెల్టు పీచుపీచుగా అయిపోయి పుల్లీలకు చుట్టుకుని ఉంది. అంతకు నెల ముందు నుంచే ఆ బండి నాకు చెబుతూనే ఉంది. ఎంత ఆక్సిలరేటర్ ఇచ్చినా ఇంజిన్ శబ్దం పెరిగేది గానీ వేగం పెరిగేది కాదు. పెట్రోలులో తేడా అనుకున్నాను.

లోపల ఏం జరుగుతుందో కాస్త చెబుతాను. ఇంజిన్‌కు అతికి ఉన్న ముందు పుల్లీలో చిన్న రోలర్లు ఉంటాయి. రంగులరాట్నం జోరుగా తిరిగినప్పుడు మనల్ని బయటికి తోసినట్టే, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ఈ రోలర్లు అంచువైపు జరుగుతాయి. జరుగుతూ పుల్లీకి ఉన్న రెండు పళ్లేల్లో ఒకదాన్ని రెండోదానివైపు నెడతాయి. దాంతో బెల్టు ముందు పుల్లీ మీద పైకి ఎక్కుతుంది, వెనక పుల్లీలో లోపలికి దిగుతుంది. గేర్లు మార్చడమంటే ఈ బండికి ఇదే. వెనక ఉన్న క్లచ్‌దీ అదే సూత్రం. స్ప్రింగులు పట్టి ఉంచిన క్లచ్ షూలు, అంటే రాపిడితో పట్టుకునే ముక్కలు, వేగం అందుకోగానే విచ్చుకుని, చుట్టూ ఉన్న ఇనుప గిన్నెను పట్టుకుంటాయి. ఆ గిన్నెను మెకానిక్కులు బెల్ అంటారు.

ఇది తెలిస్తే బండి మాట అర్థమవుతుంది. బయలుదేరేటప్పుడు వణికితే క్లచ్ షూలనూ బెల్‌నూ చూడాలి. ఆక్సిలరేటర్ వదిలేసినా బండి ముందుకు పాకుతుంటే ఐడ్లింగ్, అంటే ఆక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, ఎక్కువ ఉందేమో చూసి, ఆ తర్వాత క్లచ్ స్ప్రింగులను అనుమానించాలి. శబ్దం ఎక్కువై వేగం తగ్గితే బెల్టు. బెల్టును ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు అది 20,000 నుంచి 25,000 మధ్య ఉంటుంది. ఎత్తుల్లో, ట్రాఫిక్‌లో తిరిగే బండికి ఇంకా ముందే చూసుకోవాలి.

ఇంట్లో చేయదలిస్తే ఇంజిన్ పూర్తిగా చల్లారాక, సెంటర్ స్టాండ్ మీద, తాళంచెవి బయటికి తీసేసి మొదలుపెట్టండి. కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చండి. లోపల నల్లటి దుమ్ము ఉంటుంది. నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవండి. బెల్టును వంచి పళ్ల మధ్య పగుళ్లు, అంచుల్లో దారాలు ఉన్నాయేమో చూడండి. వెడల్పు కొలిచి, కంపెనీ చెప్పిన కనీస వెడల్పుతో పోల్చండి. నూనె మరక కనిపిస్తే కొత్త బెల్టు వేసినా లాభం లేదు, ముందు కారుతున్న ఆయిల్ సీల్, అంటే నూనె బయటికి రాకుండా ఆపే రింగు, మార్చాలి. రోలర్లు ఒకవైపు చదునుగా అరిగి ఉంటే సెట్టు మొత్తం మార్చండి. క్లచ్ షూలకు ఇంకా మందం ఉండి, పైభాగం అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే చాలు.

ఇక్కడ ఒక్క పని దగ్గర నిలబడి చెప్పాలి. నా బండికి మొదట కొత్త బెల్టు వేసిన షెడ్డులో జరిగిన పొరపాటు ఇదే. బెల్టు ఎక్కించేటప్పుడు ముందువైపు బిగుతుగా ఉంటే, అది పుల్లీ పళ్లేల మధ్య ఇరుక్కుపోతుంది. నట్టు బిగిస్తాం, చేతికి గట్టిగా తగులుతుంది, అయిపోయిందనుకుంటాం. నిజానికి నలిగింది బెల్టు. నాలుగు రోజులు తిరిగాక బెల్టు సర్దుకుంటుంది, నట్టు వదులవుతుంది, ఇంజిన్ ఇరుసు మీది గాడులు అరిగిపోతాయి. బెల్టు ఖరీదు ఎక్కడ, ఆ ఇరుసు మార్చే ఖర్చు ఎక్కడ! అందుకే వెనక పుల్లీని చేతులతో విడదీసి బెల్టును లోతుగా దించండి. ముందువైపు బెల్టు వదులుగా వేలాడాలి. అప్పుడు ముందు పళ్లెం బిగించి, కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంత టార్క్, అంటే బిగింపు బలం, ఇవ్వండి. నట్టు బిగించేటప్పుడు పుల్లీ తిరగకుండా ఆపడానికి దాని మీది ఫ్యాను రెక్కల్లో స్క్రూడ్రైవర్ దూర్చకండి, రెక్కలు విరుగుతాయి. పుల్లీని పట్టే పనిముట్టు దొరుకుతుంది, అది కొనండి.

వెనక క్లచ్‌ను పూర్తిగా విప్పడం మాత్రం సరైన పనిముట్టు లేకుండా వద్దు. దాని కింద పెద్ద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. నట్టు ఊడగానే ముఖం మీదికి ఎగరగలదు. కవరు లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయడం కూడా అంతే ప్రమాదం.

ఎత్తు మీద ఆగినప్పుడు ఆక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు పట్టండి. అలా నిలబెట్టిన ప్రతిసారీ షూలు గిన్నెకు రాసుకుని కాలుతాయి. గిన్నె లోపల నీలం మరకలు కనిపిస్తే అది ఆ వేడి గుర్తే.

కవరు బిగించే ముందు దాని లోపలివైపు మార్కర్‌తో తేదీ, మీటరు అంకె రాసిపెట్టండి. నా బండి కవరులో ఇప్పుడు అలాంటి వరసలు మూడున్నాయి. తెగకుండా సమయానికి మార్చిన పాత బెల్టు ఒకటి డిక్కీలో ఉంది. దూరం వెళ్లేటప్పుడు దాన్నీ, స్పానర్లనూ వెంట తీసుకెళ్తాను.

నమస్కారం.