అంకెల కీ పడట్లేదా? కొత్త కీబోర్డు కొనేముందు ఒక్కసారి ఇది చూడండి

నమస్కారం అండి. నా చేతిలో ఉన్న ఈ కీబోర్డు గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులోది. నల్ల కీబోర్డే, కానీ కెమెరా దగ్గరికి తెస్తున్నా, కీల సందుల్లో చూడండి. ఎర్రగా కనపడుతోందా? కారం దుమ్ము. పొద్దున గుమస్తా గారు పట్టుకొచ్చి, "అన్నా, మూడు పడట్లేదు. ఒక్కోసారి గట్టిగా నొక్కితే పడుతుంది, ఒక్కోసారి అదీ లేదు" అన్నారు.

అక్షరం పడకపోతే స్పెల్లింగ్ చూసి పట్టేస్తాం. అంకె పడకపోతే కంటికి ఆనదు. టిక్కీ (మిర్చి బస్తా) తూకం 43 కిలోలని కొట్టారనుకోండి, స్క్రీన్ మీద 4 అని పడుతుంది. సీజన్ హడావుడిలో చూసుకోకుండా ఎంటర్ కొట్టేస్తే రైతు చేతికి తప్పు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) వెళ్లిపోతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు అంటాను.

కొత్తది కొనడానికి తొందరపడకండి. ముందు తప్పు కీబోర్డులో ఉందా, కంప్యూటర్‌లో ఉందా తేల్చుకోవాలి. సులువైన దారి, దీన్ని తీసి పక్క కంప్యూటర్‌కి పెట్టడం. అక్కడా అదే కీ మొరాయిస్తే తప్పు కీబోర్డుదే. అక్కడ బాగా పనిచేస్తే మీ విండోస్‌లోనో, పోర్టులోనో ఉంది. పక్కన ఇంకో కంప్యూటర్ లేదా? మౌస్‌తో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ స్క్రీన్ కీబోర్డు తెరవండి. విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కినా వస్తుంది. అందులో 3 మీద మౌస్‌తో క్లిక్ చేయండి. ట్యాలీలో, అంటే మీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, 3 పడిందంటే తప్పు ట్యాలీలో లేనట్టు. కీబోర్డు సెట్టింగులూ పోర్టూ వైరూ కీబోర్డూ చూసుకోవాలి.

విండోస్ వైపు నేను ఎక్కువగా చూసేది ఫిల్టర్ కీస్. కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు నొక్కి ఉంచితే ఇది ఆన్ చేయాలా అని అడుగుతుంది. పట్టీ పుస్తకం అంచు ఆ కీ మీద ఆనినా చాలు. అడిగింది చదవకుండా ఎస్ కొట్టేస్తాం. అప్పటినుంచి చకచకా కొట్టిన కీలు పడవు, కాసేపు నొక్కి ఉంచితేనే పడతాయి. కీబోర్డు పోయిందనుకుంటాం. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డు, అక్కడ ఫిల్టర్ కీస్ ఆఫ్ చేయండి. విండోస్ 10లో యాక్సెసిబిలిటీ బదులు ఈజ్ ఆఫ్ యాక్సెస్ అని ఉంటుంది.

కుడిపక్క అంకెల భాగం మాత్రమే పనిచేయకపోతే నమ్ లాక్ చూడండి. అది ఆఫ్‌లో ఉంటే 3 నొక్కినప్పుడు పేజ్ డౌన్ అవుతుంది. అంకెలు నొక్కుతుంటే మౌస్ బాణం కదులుతోందా? మౌస్ కీస్ ఆన్ అయింది, అదీ యాక్సెసిబిలిటీలోనే, మౌస్ అన్నచోట ఆఫ్ చేయొచ్చు.

మొత్తం కీబోర్డే పనిచేయకపోతే యూఎస్‌బీని ముందువైపు నుంచి తీసి వెనక మదర్‌బోర్డు పోర్టుకి పెట్టండి. గుండ్రటి ఊదారంగు పిన్ను పాత కీబోర్డైతే కంప్యూటర్ ఆపాకే తీసి పెట్టాలి. వైర్‌లెస్ అయితే ముందు బ్యాటరీలు మార్చండి. ఇవేవీ కాకపోతే డివైస్ మేనేజర్‌లో కీబోర్డుని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి ఆన్ చేయడం వేరు, రీస్టార్ట్ వేరు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్ డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు.

ఇక మన కీబోర్డు. పైవరస 3 పడుతోంది, కుడిపక్క 3 ఒక్కటే పడట్లేదు. వేరే కంప్యూటర్‌కి పెట్టినా అంతే. అంటే లోపల దుమ్ము చేరింది. మాస్కు కట్టుకుంటున్నా, మీరూ కట్టుకోండి. ఇందులోకి నోటితో మాత్రం ఊదకండి, కారం తిరిగి మన కళ్లల్లోకే వస్తుంది. ఊపిరి తడి కూడా లోపలికి పోతుంది.

వైరు తీసేశాను. ముందు ఫోన్‌తో ఒక ఫొటో, ఏ కీ ఎక్కడుందో తర్వాత గుర్తుండదు. ఇప్పుడు బోర్లించి మెల్లగా తడుతున్నా. కింద పరిచిన తెల్ల కాగితం చూడండి, చిటికెడు కారం, రెండు మిరప గింజలు, ఒక తొడిమ ముక్క! 3 కీ క్యాప్‌ని రెండు పక్కలా పట్టి నిటారుగా పైకి లాగుతున్నా. స్పేస్, ఎంటర్, షిఫ్ట్, సున్నా లాంటి పెద్ద కీలు లాగకండి. వాటికింద ఇనప తీగ ఉంటుంది, వంగితే మళ్లీ కూర్చోదు.

బ్రష్‌తో తుడిచాను, అయినా సరిగ్గా పడట్లేదు. అందుకని వెనక స్క్రూలన్నీ తీశాను. ఒకటి స్టిక్కర్ కింద దాక్కుంది, అన్నీ తీసినా మూత రాకపోతే అక్కడ వెతకండి. లోపల రబ్బరు బుడిపెలు, వాటికింద మూడు పొరల ప్లాస్టిక్ షీటు. పై పొర మీది కరెంటు గీత, కింది పొర మీది గీత మధ్య పొరలోని రంధ్రం గుండా తాకితేనే అంకె పడుతుంది. 3 దగ్గర రంధ్రంలో ఎర్రటి పొడి ఉంది, చూశారా? దూదికి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఒత్తకుండా తుడుస్తున్నా. థిన్నర్, పెట్రోలు వాడొద్దు, ప్లాస్టిక్ పాడైపోతుంది. ఒకే గీత మీదుండే నాలుగైదు కీలు ఒకేసారి పోతే మాత్రం ఆ గీత ఎక్కడో తెగి ఉండొచ్చు. అప్పుడు కొత్తది కొనేయమనే చెబుతాను.

పూర్తిగా ఆరింది, బిగించాను. 43. మళ్లీ 43. ఇరవైసార్లు కొట్టాను, ఇరవైసార్లూ పడింది.

గుమస్తా గారిని ఒకటే అడిగాను, ఇది ఎన్నాళ్లనుంచి ఇలా ఉందని. నాలుగు రోజులు అన్నారు. ఆ నాలుగు రోజుల పట్టీలు తీసి, తూకం చిట్టాతో ఒక్కొక్కటీ సరిచూడమన్నాను. ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఆయన అదే పనిలో ఉన్నారు.