ఓవర్‌టైమ్ పెట్టాలా వద్దా? ఎల్పీపీలో షాడో ప్రైస్ చెప్పే లెక్క

[తెర: విశాఖ ఫిషింగ్ హార్బర్, రొయ్యల ట్రేలు]

ఎల్పీపీ అంటే లీనియర్ ప్రోగ్రామింగ్ ప్రాబ్లమ్, ఉన్న పరిమితుల్లోనే లాభం వీలైనంత ఎక్కువ తెచ్చే లెక్క. హార్బర్ దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డు ఉందనుకుందాం. అంకెలు పాఠం కోసం మనం పెట్టుకున్నవే. తల తీసిన రొయ్య పెట్టెకు 2 గంటల పని, 300 రూపాయల లాభం. పూర్తిగా వలిచిన పెట్టెకు 4 గంటలు, 500 లాభం. రోజుకు దొరికే పని 400 గంటలు. ఫ్రీజర్‌లో పట్టేది 150 పెట్టెలు.

[తెర: తల తీసినవి త, వలిచినవి వ
2త + 4వ ≤ 400
త + వ ≤ 150]

గ్రాఫ్ గీసి మూలలు చూడండి. (150, 0) దగ్గర లాభం 45,000. (0, 100) దగ్గర 50,000. రెండు గీతలు కలిసే (100, 50) దగ్గర 55,000. పరీక్షకి ఇది చాలు. షెడ్డు యజమానికి చాలదు, ఆయన అడిగేది ఓవర్‌టైమ్ సంగతి.

[తెర: 400ను చెరిపి 402]

పని గీత కాస్త పైకి జరిగింది. కొత్త మూల (99, 51), లాభం 55,200. తల తీసినది ఒక పెట్టె తగ్గించి, వలిచినది ఒకటి పెంచాం. 2 గంటలకు 200 వచ్చింది కాబట్టి గంటకు 100. షాడో ప్రైస్ అంటే ఇదే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 300, 500 లాభాల్లో మామూలు కూలి ముందే తీసేసి ఉంటే, ఈ 100 ఆ కూలికి పైన అన్నమాట. కూలి గంటకు 60 అయితే ఓవర్‌టైమ్‌కు 160 దాకా ఇవ్వొచ్చు.

అలాగని ఎన్ని గంటలైనా ఇదే ధర ఉండదు. 600 గంటలకల్లా 150 పెట్టెలూ వలిచినవే అయిపోతాయి. ఆపైన ఎంత పని పెట్టినా ఫ్రీజర్‌లో చోటుండదు, గంట విలువ సున్నా. అటు 300 కన్నా తగ్గితే గంట విలువ 150కి ఎక్కుతుంది.

[తెర: 401]

401 పెడితే? ఇలాంటి లెక్కలు చేసే ఎక్సెల్ టూల్, సాల్వర్, (99.5, 50.5) అంటుంది. అర పెట్టె ఎవరు కొంటారు? రెండూ పైకి రౌండ్ చేస్తే 151 పెట్టెలు, ఫ్రీజర్ పట్టదు. (99, 51) చేద్దామంటే 402 గంటలు కావాలి. పూర్తి పెట్టెలే కావాలంటే ఆ ఒక్క గంటకి పైసా రాదు.

ఎక్సెల్ సాల్వర్‌లో పూర్ణాంకాల షరతు పెడితే షాడో ప్రైస్‌లు చూపించే సెన్సిటివిటీ రిపోర్టు ఇవ్వదు. ముందు ఆ షరతు తీసేసి, లెక్క చేసే పద్ధతిగా సింప్లెక్స్ ఎల్పీ ఎంచుకుని రిపోర్టు తీసుకోండి. తర్వాత షరతు పెట్టి మళ్లీ రన్ చేసి, లాభం ఎంత తగ్గిందో పోల్చుకోండి.