మీటరు దేని మీద తిరిగింది?

అందరికీ నమస్కారం.

సెల్‌ఫోన్‌లో ఇంటర్నెట్ గురించి మాట్లాడితే ఎవరైనా ముందు స్పీడే ఎత్తుతారు. నేను మాత్రం ఈ సాయంత్రం మీటరు గురించి చెబుతాను. తొలినాళ్లలో ఈ సేవ ఒకచోట పుంజుకుని మరోచోట చతికిలపడిందంటే, దానికి పెద్ద కారణం బిల్లు వేసిన తీరే అని నా గట్టి నమ్మకం.

1999 సంగతి చూడండి. అంతకు రెండేళ్ల ముందే ఎరిక్సన్, మోటరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ కలిసి, ఫోన్లో ఇంటర్నెట్ పేజీలు చూపించే 'వ్యాప్' అనే పద్ధతి కోసం వ్యాప్ ఫోరం పెట్టుకున్నాయి. ఆ పద్ధతిలో వచ్చిన తొలి ఫోన్లలో పేరున్నది నోకియా 7110. దాని తెర అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 65. పేజీ తెరవాలంటే ఫోన్ ముందు డయల్ చేయాలి, లైను కలిసేదాకా మనం ఆగాలి. కలిశాక సెకనుకు 9,600 బిట్లు. తెర మీదకు వచ్చిన నాలుగు లైన్లూ మీరు చదువుకుంటున్నా సరే, కాల్ మాట్లాడుతున్నట్టే నిమిషాలు పడిపోతుంటాయి. ఆటోని వెయిటింగులో పెట్టి కూరగాయలు బేరమాడినట్టు! ఆ టెన్షన్‌తో ఎవరు చదువుతారు?

అదే ఏడాది ఫిబ్రవరి 22న జపాన్‌లో ఎన్‌టీటీ డోకోమో అనే ఫోన్ కంపెనీ ఐ-మోడ్ పేరుతో సెల్‌ఫోన్ ఇంటర్నెట్ మొదలుపెట్టింది. అక్కడా స్పీడు అదే 9,600. కానీ సమాచారం ప్యాకెట్లుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. షేర్ ఆటో అన్నమాట, మీ సీటు వరకే డబ్బులు. నెలకు 300 యెన్లు, ఆపైన 128 బైట్ల ప్యాకెట్ ఒక్కోదానికి 0.3 యెన్. గంటసేపు చదువుకోండి, ఫోన్‌లోకి దిగిన డేటాకే లెక్క. డబ్బు తీసుకునే సైట్ల చందాను కంపెనీయే ఫోన్ బిల్లులో వసూలు చేసి, 9 శాతం ఉంచుకుని మిగతాది సైటువాళ్లకు ఇచ్చేసేది. పేజీలు రాయడానికి మామూలు హెచ్‌టీఎంఎల్‌ను కుదించిన భాష చాలు. దాంతో చిన్నవాళ్లూ సైట్లు పెట్టారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2000 ఆగస్టుకల్లా కోటి మంది చేరారు.

ఇక మన ఊరు. మన సెల్ నెట్‌వర్కుల్లో డేటాను ప్యాకెట్లుగా పంపే జీపీఆర్ఎస్‌తో ఆ లెక్క ఇక్కడికీ వచ్చింది. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒక కుర్రాడు నా ఫోన్ తీసుకుని, సెట్టింగ్స్ మెసేజ్ తెప్పించి, సేవ్ చేసి, ఒకసారి ఆపి ఆన్ చేసి ఇచ్చాడు. తెర మూలన చిన్న 'జి' అక్షరం వెలిగింది. అప్పట్లో నా ప్లాన్‌లో పది కేబీకి పది పైసలు. బయటికొచ్చి మెట్ల మీదే నిలబడి ఒక తెలుగు పేజీ తెరిచాను. బ్యాలెన్స్ తగ్గింది. తెర నిండా డబ్బాలు. ఫోన్‌లో తెలుగు ఫాంటు లేదు మరి.

ఈ బాధ ఇప్పటి పిల్లలకు తెలియాలి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో ఒక్కో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. కానీ వెబ్ పేజీలు వాడే యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటు, తెలుగులో అక్షరానికే కాదు, పొల్లుకీ గుణింతపు గుర్తుకీ కూడా విడివిడిగా మూడేసి బైట్లు. 'లక్ష్మి' అని రాసి చూడండి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఎస్ఎమ్మెస్‌లోనూ ఇంతే, ఇంగ్లీషుకైతే 160 అక్షరాలు, తెలుగుకైతే 70. మనవాళ్లు 'ఎక్కడున్నావ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం అలవాటు చేసుకున్నారంటే తప్పు వాళ్లది కాదు. మీటరు అటు తోసింది.

దారి చూపింది ఒపేరా మినీ అనే ఫోన్ బ్రౌజర్. పేజీని తన సర్వర్‌లో కుదించి పంపేది కాబట్టి ఖర్చు బాగా తగ్గింది. అందులో ఒక సెట్టింగు నాకు ఫ్రెండు చెప్పాడు. అడ్రస్ కొట్టేచోట 'ఒపేరా:కన్ఫిగ్' అని కొట్టి, బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్నచోట 'ఎస్' పెట్టాలి. అప్పుడు సర్వరే మన అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపుతుంది. డబ్బాల చోట తెలుగు వచ్చింది, కాస్త మసగ్గా, ఒత్తులతో సహా. బొమ్మలు కాబట్టి డేటా కొంచెం ఎక్కువే లాగేది. ఆ ఫోన్ వాడినన్నాళ్లూ నేను ఆ 'ఎస్' తీయలేదు.