ఫ్యాన్ కట్టేసిన మధ్యాహ్నం: మావయ్య వాచీల బల్ల దగ్గర

హోస్ట్: నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్‌లో నా గొంతు కాస్త నీరసంగా వినిపిస్తే తప్పు నాది కాదు. మే నెల, గుంటూరు, మధ్యాహ్నం రెండున్నర. గదిలో ఫ్యాన్ ఉంది, తిరగట్లేదు.

మావయ్య: కరెంటు ఉంది. నేనే కట్టేశా.

హోస్ట్: ఎందుకో కూడా నువ్వే చెప్పు మావయ్యా.

మావయ్య: ఇదిగో, ఈ తెల్ల కాగితం మీద వెంట్రుకలా ఉందే, అది సెకన్ల ముల్లు. దాని కన్నం 0.20 మిల్లీమీటర్లు. నువ్వు గట్టిగా నవ్వినా లేచిపోతుంది. ఫ్యాన్ వేస్తే అది మంచం కింద ఉంటుంది, దాని వెనక మనమూ ఉంటాం.

హోస్ట్: విన్నారుగా. మా మావయ్య పగలు బ్యాంకు ఉద్యోగం, సాయంత్రం వాచీలు విప్పి బిగించడం. అమ్మకాలూ లేవు, రిపేరు షాపూ లేదు. ఉత్తి పిచ్చి. అసలు ఎలా మొదలైంది?

మావయ్య: చెప్తే పరువు పోతుంది. ఒక డూప్లికేట్ వాచీతో.

హోస్ట్: ఫస్ట్ కాపీనా?

మావయ్య: అదే. అమ్మేవాడు అలాగే అన్నాడు. డయల్ మీద పెద్ద కంపెనీ పేరు, మూడు చిన్న డయళ్లు, పక్కన రెండు బటన్లు. అచ్చం స్టాప్‌వాచ్ ఉన్న వాచీలా ఉంది. ఇంటికొచ్చి పై బటన్ నొక్కా. ఏమీ కాలేదు. కింది బటన్ నొక్కా. తారీఖు మారింది.

హోస్ట్: తారీఖా!

మావయ్య: మరి! ఆ చౌక మెషిన్లో స్టాప్‌వాచ్ ఎక్కడిది? చిన్న డయళ్లలో ఒకటి వారం చూపిస్తుంది, ఒకటి ఇరవై నాలుగు గంటలు. అసలుదాని ముఖం ఉండాలి కాబట్టి బటన్లు పెట్టారు, వాటికి ఏదో ఒక పని అప్పగించారు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ రాత్రే వెనక మూత తీశా.

హోస్ట్: తీయడం వచ్చా నీకు?

మావయ్య: రాదు. మూత అంచున కత్తి పెట్టా, వేలు తెగింది. లోపల చూస్తే మెషిన్ చిన్నది, కేసు పెద్దది, మధ్యలో ప్లాస్టిక్ రింగు. డయల్‌కి కింద రెండు సన్నటి కాళ్లుంటాయి, మెషిన్‌లోని కన్నాల్లో కూర్చోవడానికి. దీనికి కాళ్లు లేవు, రెండు వైపులా అంటుకునే చుక్కలతో అతికించారు. అయినా సరే, బ్యాలెన్స్ చక్రం ఇటూ అటూ కొట్టుకుంటుంటే కళ్లు తిప్పుకోలేకపోయా. గంటకి 21,600 సార్లు. మీ అత్తయ్య వచ్చి లైటు ఆర్పేదాకా అక్కడే కూర్చున్నా.

హోస్ట్: మరి దాన్ని పెట్టుకుని తిరిగావా?

మావయ్య: రెండు పెళ్లిళ్లకి. రెండో పెళ్లిలో ఒకాయన నా చెయ్యి పట్టుకుని, ఎంతకు కొన్నావయ్యా అన్నాడు. ఏం చెప్పాలి? నిజం చెప్తే నేను చులకన, అబద్ధం చెప్తే ఆయన వెధవ. పప్పు వడ్డిస్తున్నారని లేచిపోయా. తర్వాత ఆ డయల్ పీకేసి, పేరూ ఊరూ లేని నల్ల డయల్ వేశా. నా మొదటి మాడ్, అంటే సొంతంగా మార్పులు చేసిన వాచీ, అదే. ముళ్లు తీసేటప్పుడు పాత డయల్ మీద గీతలు పడ్డాయి, కొత్త దాంట్లో దుమ్ము ఇరుక్కుంది. వంకరగా ఉన్నా, ఆ వాచీ అప్పటికి అబద్ధం చెప్పడం మానేసింది.

హోస్ట్: అంటే నకలు వాచీని మాడ్ చేయడం మంచిదేనంటావా?

మావయ్య: ఇంకొకటి కొని చేయమని మాత్రం అనను. ఆ డబ్బు ఎటు పోతుందో మనకి తెలుసు. చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. మన ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోది. ఇంకొకరి మార్కు దొంగిలించి పెట్టినా, అలా పెట్టిన సరుకు అమ్మినా, 103, 104 సెక్షన్ల కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. అందుకే నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, జపాన్ కంపెనీ సీకో వాచీలతో మొదలుపెట్టండి.

హోస్ట్: అందరూ సీకోనే అంటారు. ఏముంది దాంట్లో?

మావయ్య: దోసెల పిండి లాంటిదమ్మా. దాంతో ఊతప్పం పోసుకో, పునుగులు వేసుకో. ఎస్‌కేఎక్స్ 007 అని ఒక డైవింగ్ వాచీ, 1996లో వచ్చింది, 2019లో ఆపేశారు. ఇరవై ఏళ్లకి పైగా మార్చకుండా చేశారు. దాంతో బయటి చిన్న చిన్న తయారీదార్లంతా దాని కొలతలకే విడిభాగాలు చేయడం మొదలుపెట్టారు. డయల్ వ్యాసం 28.5 మిల్లీమీటర్లు, బెల్టు వెడల్పు 22. బెజెల్ అంటే అద్దం చుట్టూ ఉండే రింగు, అద్దం, ముళ్లు, ఏది కావాలంటే అది దొరుకుతుంది. కేసుతో సహా.

హోస్ట్: అంటే సీకో కొనకుండానే సీకో కట్టొచ్చా?

మావయ్య: ఇప్పుడు చాలామంది చేసేది అదే. కేసు ఒకచోట, డయల్ ఒకచోట, మెషిన్ మాత్రం ఎన్‌హెచ్ 35. సీకో వాళ్లే బయటి కంపెనీలకి అమ్మే మెషిన్ అది. లోపల రాపిడి తగ్గించే 24 రాళ్లు, ఒకసారి నిండా కీ ఇస్తే దాదాపు 41 గంటలు నడుస్తుంది. పాత ఎస్‌కేఎక్స్‌లో 7ఎస్26 ఉండేది. దానికి చేత్తో కీ ఇవ్వడానికి లేదు, టైం పెట్టేటప్పుడు సెకన్ల ముల్లు ఆగేది కాదు. ఎన్‌హెచ్ 35కి రెండూ ఉన్నాయి. వారం కూడా కావాలంటే ఎన్‌హెచ్ 36. నా ఎస్‌కేఎక్స్‌లో అదే వేశా, మారు మాట్లాడకుండా కూర్చుంది.

హోస్ట్: టైం కరెక్టుగా చూపిస్తుందా?

మావయ్య: కంపెనీ ఇచ్చే హామీ రోజుకి ఇరవై సెకన్లు వెనక్కి, నలభై సెకన్లు ముందుకి. నీ ఫోన్ ముందు ఇది పనికిరాదు, ఒప్పుకుంటా. కాస్త సవరిస్తే ఇంకా దగ్గరికొస్తుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి రోజుకి నిమిషాలు నిమిషాలు ముందుకి పరిగెత్తుతుంది. చెడిపోయిందని కంగారు పడతారు. చాలాసార్లు అయస్కాంతం పట్టి ఉంటుంది. బ్యాలెన్స్ చక్రాన్ని ఆడించే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్పీకర్ పక్కన పెట్టినా చాలు. నీ మైకు కొంచెం జరుపు.

హోస్ట్: అయ్యో, జరిపా. సరే, ఇవాళ నాచేత ఒక వాచీ కట్టిస్తానన్నావు.

మావయ్య: కట్టిస్తున్నా కదా. వేళ్లకి ఆ రబ్బరు తొడుగులు వేసుకో. డయల్ మీద వేలిముద్ర పడితే పోదు. ఇప్పుడు క్రౌన్, అదే పక్కనున్న కీ, తిప్పు, మెల్లగా. తారీఖు కిటికీలో చూస్తూ ఉండు.

హోస్ట్: కదులుతోంది... టక్కున మారింది!

మావయ్య: అక్కడే ఆపు. మెషిన్‌కి ఇప్పుడు అర్ధరాత్రి. గంటల ముల్లు సూటిగా పన్నెండు మీద పెట్టి నొక్కాలి, దాని మీద నిమిషాల ముల్లు. ఇది తెలియక నేను ముల్లు నాకు నచ్చిన చోట పెట్టేశా ఒకసారి. ఆ వాచీలో తారీఖు రోజూ సాయంత్రం ఆరూ నలభైకి మారేది. మూడు నెలలు అలాగే పెట్టుకుని తిరిగా. విప్పడానికి భయం.

హోస్ట్: గంటల ముల్లు కూర్చుంది. అబ్బ, ఊపిరి బిగపట్టేశాను. చేతులు వణుకుతున్నాయి మావయ్యా.

మావయ్య: కాఫీ తాగి కూర్చుంటే అంతే. మోచేతులు బల్ల మీద ఆనించు. ఈ గ్యాప్‌లో కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

హోస్ట్: అయితే అడుగుతా. డిజైన్ మాత్రం పెద్ద బ్రాండ్లది, పేరు మాత్రం లేదు. అలాంటి మాడ్లు చాలా కనిపిస్తున్నాయి. అవి?

మావయ్య: సీకోనాట్ అంటారు, సీకోక్ అంటారు. పటెక్ నాటిలస్ 1976 నాటిది, ఓడెమార్ పిగే రాయల్ ఓక్ 1972 నాటిది, రెండూ జెరాల్డ్ జెంటా గీసినవే. వాటి ఆకారంలో కేసు, లోపల ఎన్‌హెచ్ 35. నాకు నచ్చవు. చేసినవాడు ఇది సీకో మెషిన్ అని చెప్పేసుకుంటే గొడవ లేదు అంటారు కానీ, ఎదుటివాడు దేన్ని చూసి మెచ్చుకుంటున్నాడో నీకు తెలుసు కదా. మళ్లీ ఆ పెళ్లి భోజనం దగ్గరికే వచ్చాం.

హోస్ట్: అసలు రోలెక్సే కొని మార్పించుకుంటే? కోట్లు పెట్టినవాళ్లు చేయిస్తారట.

మావయ్య: దాని మీద కోర్టులకెళ్లారు. స్విట్జర్లాండ్‌లో ఒక సంస్థ జనం తెచ్చిన రోలెక్సుల డయళ్లూ బెజెళ్లూ మార్చి ఇచ్చేది. రోలెక్స్ కేసు వేసింది. 2024 జనవరిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పిందేమిటంటే, సొంతదారు తన వాచీ తానే తెచ్చి, తన వాడకానికి మార్పించుకుంటే అది ట్రేడ్ మార్కు ఉల్లంఘన కాదు. అదే మనమే కొని, మార్చి, ఆ పేరుతో బజార్లో అమ్మితే లెక్క వేరు. అమెరికాలో ఇంకోటి. వోర్టిక్ అని చిన్న కంపెనీ, హామిల్టన్ వాళ్ల వందేళ్ల నాటి జేబు గడియారాల మెషిన్లు తీసుకుని చేతి వాచీలు చేస్తుంది. పాత హామిల్టన్ పేరు డయల్ మీద అలాగే కనిపిస్తుంది. అయినా 2021లో అప్పీలులో కూడా వోర్టిక్కే గెలిచింది. ఏ పాత భాగాలతో ఎవరు చేశారో విప్పి చెప్పుకున్నారు కాబట్టి.

హోస్ట్: తాతయ్య వాచీ సంగతి చెప్పనా?

మావయ్య: చెప్పు. వినేవాళ్లకీ తెలియాలిగా.

హోస్ట్: మా తాతయ్యది హెచ్‌ఎంటీ జనతా. పెళ్లికి మామగారు పెట్టారు. ఆయన పోయాక అమ్మ దగ్గర ఉండేది. నేను కాలేజీలో ఉన్నప్పుడు, అమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామని, ఒక షాపులో సర్వీసుకి ఇచ్చా.

మావయ్య: తళతళలాడుతూ వచ్చింది.

హోస్ట్: నీలం రంగు డయల్‌తో వచ్చింది. అమ్మ చేతిలోకి తీసుకుని, ఇది నాన్నగారిది కాదే, అంది. పాత డయల్ గోధుమ రంగుకి తిరిగి, ఏడు దగ్గర ఒక మచ్చ ఉండేదట. చిన్నప్పుడు ఆ మచ్చ దగ్గరికి పెద్దముల్లు వస్తే స్కూలుకి బయల్దేరాలి.

మావయ్య: ఆ షాపాయన్ని తిట్టుకోకు. పాత డయల్ గీకి కొత్త పెయింట్ వేసివ్వడం ఆయన దృష్టిలో మంచి పనే. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. ఆ కంపెనీ వాచీల విభాగం మూసివేతకి కేంద్రం ఆమోదం పడింది 2016లో. పాత వాచీలు కొనేవాళ్లు పెరిగారు. దాంతో కంపెనీ ఎన్నడూ వెయ్యని రంగుల్లో డయళ్లు పుట్టుకొచ్చాయి. నేను చేసే పనికీ దానికీ తేడా ఎంత? నేనూ డయల్ పీకుతా. కాకపోతే తీసిన ప్రతి ముక్కా డబ్బాలో దాస్తా, మీద కాగితం అంటిస్తా. ఆ గోధుమ రంగు డయల్ ఎవరి డబ్బాలోనూ లేదు.

హోస్ట్: ఊఁ.

మావయ్య: పాల్ న్యూమన్ అని హాలీవుడ్ హీరో. ఆయన రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో వంద కోట్ల పైమాటే. దాని వెనక భార్య చెక్కించిన మాట ఉంది, జాగ్రత్తగా నడుపు అని. ఎవరైనా ఆ వెనక మూత పాలిష్ పెట్టేసి ఉంటే? మీ తాతయ్యది వెనక చూశావా?

హోస్ట్: పెళ్లి తారీఖు చెక్కి ఉంది. అది బతికింది.

మావయ్య: ఆ మూత మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. నేనడిగినా ఇవ్వకు. సరే, ఇప్పుడు సెకన్ల ముల్లు. పట్కారుతో కాదు, ఆ పుల్ల కొనకి కాస్త మైనం రాసి ఎత్తు. దాని కన్నం మధ్యలోని సన్నటి మొన మీదకి వచ్చేలా కూర్చోబెట్టి, ఒక్కసారి నొక్కు.

హోస్ట్: జారింది... మళ్లీ... మావయ్యా, తిరుగుతోంది! తిరుగుతోంది!

మావయ్య: అరవకు, ఎగిరిపోతుంది. మూడు, ఆరు, తొమ్మిది దగ్గర ముళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడు. లేదా? అయితే గాలి బుడ్డితో దుమ్ము ఊది, కేసులో దించు. క్రౌన్‌కున్న సన్నటి కడ్డీ, అదే స్టెమ్, లోపలికి తొయ్యి. రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు రాశా, మూత బిగించు. ఒక మాట, దీనికి నీళ్లలో 200 మీటర్లు అని రాసున్నా, మనం కట్టింది కాబట్టి ప్రెషర్ టెస్ట్ చేయించేదాకా చేతులు కడుక్కోవడం వరకే.

హోస్ట్: అయిపోయింది. నా చేత్తో కట్టిన వాచీ. చెమటతో కళ్లు మండుతున్నాయి, ఇంక ఫ్యాన్ వెయ్యనా?

మావయ్య: ఆగు, ఇలా వెలుతురులో పెట్టు. ఎనిమిది దగ్గర ఏంటది? సన్నగా, నల్లగా.

హోస్ట్: నిమిషాల గీత.

మావయ్య: గీతలు తెల్లగా ఉన్నాయి. నీ వెంట్రుకే అది.

హోస్ట్: అద్దం లోపలా?

మావయ్య: లోపలే. ఫ్యాన్ వెయ్యకు. మూత తిప్పేది అందుకో.