ఇరవై మంది, ఒక స్టాప్‌వాచ్

శ్రోతలకు నమస్కారం.

కాలి వేలికి గడప తగిలినప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ముందు ‘తగిలింది’ అని తెలుస్తుంది. సలుపు ఆ తర్వాత, తీరిగ్గా వస్తుంది. స్పర్శను మోసే నరాల్లో కబురు సెకనుకు సుమారు 50 మీటర్లు పోతుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు, విశాఖ నుంచి సికింద్రాబాద్ వెళ్లే వందేభారత్ కన్నా వేగం. వెనకాల వచ్చే ఆ సలుపును మోసే సన్నని నరాలకు, కబురును పరుగెత్తించే మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉండదు. వాటి వేగం సెకనుకు ఒక మీటరు, అటూ ఇటూగా.

పదో తరగతికి నియంత్రణ, సమన్వయం పాఠం చెప్పే జీవశాస్త్రం టీచరుకు ఈ సంగతి తెలుసు. పిల్లలకు చెబుతారు, వాళ్లు రాసుకుంటారు. కానీ ఎవరో ఒక అమ్మాయి లేచి, ‘50 మీటర్లని ఎలా తెలిసింది టీచర్?’ అని అడిగితే?

ఆ జవాబు తరగతి గదిలోనే రాబట్టవచ్చు. అందుకు టీచర్లను తయారు చేయడం గురించే ఈ పూట మాట్లాడుకుందాం. మెదడు గురించిన శిక్షణ అనగానే ముందుమెదడు, మధ్యమెదడు, వెనుకమెదడు అని స్లైడ్లు వేస్తుంటారు. అవి పుస్తకంలో బొమ్మతో సహా ఉన్నాయి. భీమిలిలో డైట్ అనే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో జరిగినా, గాజువాకలో చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో జరిగినా, శిక్షణలో మొదటి గంట టీచర్లు నేల మీద కూర్చోవాలని నా అభిప్రాయం. నిజంగానే, నేల మీద.

20 మంది గుండ్రంగా, దగ్గర దగ్గరగా, మోకాళ్లు ముడిచి కూర్చుంటారు. ప్రతి ఒక్కరూ కుడి చెయ్యి పక్కవారి ఎడమ భుజం మీద వేస్తారు. అందరూ కళ్లు మూసుకుంటారు. మొదటి వ్యక్తి ఎడమ చేతిలో ఫోను ఉంటుంది, అందులో స్టాప్‌వాచ్. ఆమె బొటనవేలితో స్టాప్‌వాచ్ నొక్కుతూ, అదే క్షణంలో కుడి చేత్తో పక్కవారి భుజం నొక్కుతుంది. తన భుజం మీద నొక్కు తెలియగానే ప్రతివారూ పక్కవారిని నొక్కాలి. చుట్టూ తిరిగి ఆ నొక్కు తన భుజానికి చేరగానే ఆమె స్టాప్‌వాచ్ ఆపుతుంది. ఒక్కొక్కరికి పావు సెకను వేసుకుంటే 20 మందికి 5 సెకన్లు.

ఇప్పుడు చెయ్యి భుజం మీద నుంచి తీసి పక్కవారి ఎడమ చీలమండ మీద వేయాలి. మిగతాదంతా మునుపటిలాగే. ఈసారి కబురు చీలమండ నుంచి మెదడుకు రావాలి. భుజం దగ్గర బయల్దేరిన కబురు కన్నా ఒక్కో మనిషిలో సుమారు ఒక మీటరు ఎక్కువ దూరం. ఈ దూరాన్ని దర్జీ టేపుతో కొలవాలి. చీలమండ నుంచి కాలి వెంట నడుముకు, అక్కణ్ణుంచి వెన్ను వెంట మెడ వెనకకు ఒక కొలత. భుజం నుంచి మెడ వెనకకు ఇంకో కొలత. రెండోది మొదటిదాంట్లోంచి తీసేయాలి.

భుజాల చుట్టుకు 5.2 సెకన్లు, చీలమండల చుట్టుకు 5.6 సెకన్లు పట్టిందనుకుందాం. తేడా 0.4 సెకను. 20 మందికీ కలిపి అదనపు దూరం 20 మీటర్లు. 20ని 0.4తో భాగిస్తే 50. సెకనుకు 50 మీటర్లు!

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించేస్తారు. చీలమండ నుంచి మెదడుకు, మెదడు నుంచి చేతికి, ఒక్కొక్కరికి రెండు మీటర్ల పైచిలుకు. 20 మందికి 40 అనుకున్నా, 5.6తో భాగిస్తే ఏడు చిల్లర వస్తుంది. నరం వేగం సెకనుకు 7 మీటర్లని బోర్డు మీద రాసేస్తారు. ఆ 5.6 సెకన్లలో నరం ప్రయాణం కొంతే. మిగతాది మెదడు గుర్తుపట్టడానికి, నిర్ణయించడానికి, కండరం బిగియడానికి పట్టిన కాలం. అదంతా రెండు చుట్లలోనూ సమానమే కాబట్టి తీసివేతలో పోతుంది. అందుకే తీసివేయాలి. తీసివేతే ఈ పాఠానికి ప్రాణం.

ఈ ఉపాయం ఈనాటిది కాదు. 1850లో అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్‌లో హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప కాలి నరాన్ని కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తుతో ప్రేరేపించి, రెండు కాలాల తేడా చూశారు. సెకనుకు సుమారు 27 మీటర్లని తేలింది. ఈ వేగాన్ని కొలవడం మనవల్ల కాదని ఆయన గురువు యొహానెస్ ముల్లరే అన్నారు.

సరే, తరగతిలో ఏం చెడుతుంది? కళ్లు తెరిచి ఉంటే నొక్కు వస్తున్నది కనిపిస్తుంది, ముందే నొక్కేస్తారు. కళ్లు మూసినా గాజులు గలగలమంటే చెవి పట్టేస్తుంది. చీలమండల వంతు వచ్చేసరికి పట్టీలు. కాబట్టి గాజులు, పట్టీలు తీసి పక్కన పెట్టాలి. ఇంకొకటి, మన దగ్గర పాదం దగ్గర చెయ్యి పెడితే ‘దండం పెడుతున్నావా’ అని నవ్వులు మొదలవుతాయి. నవ్వు వస్తే పావు సెకను అర సెకను అవుతుంది. చెయ్యి మేజోడు పైన, పిక్క మొదట్లో పెట్టినా ఫరవాలేదు, కానీ టేపు కూడా అక్కణ్ణుంచే పెట్టాలి. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు చుట్లు వేస్తే ఆ గొడవ సగం తగ్గుతుంది. డిసెంబరులో అరకు వైపు బడుల్లో చేసేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. చల్లబడిన కాలిలో నరం వేగం తగ్గుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, జనం నేర్చుకుంటారు. మొదటి చుట్టు 7 సెకన్లు పడితే ఐదో చుట్టుకు 5కు దిగవచ్చు. ముందు భుజాలన్నీ చేసి, తర్వాత చీలమండలన్నీ చేస్తే ఆ అలవాటు చీలమండలకు కలిసొస్తుంది. తేడా సున్నా అవుతుంది, ఒక్కోసారి సున్నా కన్నా కిందికి పోతుంది. ముందు ఐదారు చుట్లు సాధనకు వదిలేయండి. తర్వాత భుజం, చీలమండ, చీలమండ, భుజం, ఈ వరసలో చేయండి. అదే వరస మళ్లీ ఒకసారి. ఒక్కోదానికి నాలుగేసి చుట్లు వస్తాయి, సగటు తీయండి. ఆ సాధన చుట్ల అంకెలు మాత్రం పారేయకండి. వాటిని గ్రాఫు కాగితం మీద పెడితే గీత ఎలా దిగుతుందో కనిపిస్తుంది. నేర్చుకోవడం అనే ప్రవర్తన అదే, అదే 20 మందిలో, అదే పీరియడ్‌లో.

శిక్షణ ఇచ్చేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఈ జాగ్రత్తలు టీచర్లకు ముందుగా చదివి వినిపించకండి. భుజం, చీలమండ అని మాత్రం చెప్పి వదిలేయండి. అంకెలు అడ్డదిడ్డంగా వస్తాయి. ఎందుకొచ్చాయో వాళ్లే వాదించుకోనివ్వండి, ఆ వాదనకు అరగంట ఇవ్వండి. గాజుల సంగతి ఎవరో ఒకరు కనిపెడతారు. అలా కనిపెట్టిన టీచరు తరగతిలో పిల్లల నోటి నుంచి కూడా అదే రాబడతారు. చదివి విన్న టీచరు చదివి వినిపిస్తారు. తర్వాత ఒక్కొక్కరు పది నిమిషాలు తోటివారికి పాఠం చెప్పాలి. వచ్చే సమావేశానికి తమ తరగతి అంకెలు, వచ్చినవి వచ్చినట్టుగా, దిద్దకుండా తేవాలి.

మరి 20 మంది లేకపోతే? ఐదుగురితో చేస్తే తేడా 0.1 సెకనే, అది స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తప్పులోనే కలిసిపోతుంది. చిన్న బడిలో పదిమందే ఉంటే ఆపకుండా రెండు చుట్లు తిప్పండి. మొదటి చుట్టు ముగిసినప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకున్న అమ్మాయి దాన్ని ఆపకుండా పక్కవారిని మళ్లీ నొక్కాలి, రెండోసారి నొక్కు తనకు అందాకే ఆపాలి. ఈ మాట ముందే గట్టిగా చెప్పండి, బొటనవేలు అలవాటు కొద్దీ మొదటి చుట్టుకే ఆపేస్తుంది.

నమస్కారం.