సెల్లార్‌లో చార్మినార్: నలుగురు పిల్లలు, ఒక మట్టిముద్ద

[అపార్ట్‌మెంట్ సెల్లార్. పాత ఫ్లెక్సీ తిరగేసి పరిచారు. మధ్యలో చెక్క, పక్కన మట్టిముద్ద.]

వినాయక చవితికి తెచ్చిన మట్టి మిగిలిందా? పారెయ్యకండి. రెండు కిలోలుంటే మా కూకట్‌పల్లి సెల్లార్‌లో ఆడించిన ఈ ఆట మీరూ ఆడించొచ్చు. నలుగురు పిల్లలూ కలిసి ఒక్క చార్మినార్ కట్టాలి. గెలిచినా అందరూ, ఓడినా అందరూ.

మట్టి చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా ఉండాలి. మర్దించి, నేలకేసి నాలుగు దెబ్బలు కొడితే లోపలి గాలి పోతుంది. ఈ పని పిల్లలకే ఇవ్వండి, సంబరం అక్కడే మొదలు.

[విజిల్.]

ఒక్కొక్కరూ ఒక మినార్ మొదలుపెడతారు. ఐదు నిమిషాలకోసారి విజిల్. పిల్లలు కుడివైపు జరుగుతారు, మట్టి జరగదు. పక్కవాడు చేసింది నలపకూడదు, సరిదిద్దొచ్చు, పెంచొచ్చు. నాలుగు విజిళ్ళయ్యాక 'ఇది నాది' అనడానికి ఎవరికీ ఏమీ ఉండదు.

ఎత్తెంతో మీరు చెప్పకండి. మావాళ్ళు 'జానెడు' అనుకున్నారు.

[క్లోజప్: నాలుగు మినార్లు, నాలుగు ఎత్తులు.]

ఆరేళ్ళ బుడ్డోడి జానా, పదకొండేళ్ళ అక్క జానా ఒకటవుతాయా? "నీ చెయ్యి చిన్నదిరా!" "నీదే పెద్దది అక్కా!" నేను రెండుసార్లు నోరు తెరవబోయి ఆపుకున్నాను. చివరికి బుడ్డోడే చీపురుపుల్ల విరిచి తెచ్చాడు. నాలుగింటికీ అదే కొలత.

ఇక గోడలు. 1591 నాటి అసలు కట్టడం నలుచదరం, నాలుగు వైపులా నాలుగు కమానులు. వేలెడు మందాన మట్టి పరిచి, స్పూన్‌తో కమాను కోస్తే చాలు. పైన మసీదు కూడా ఉంటుంది, దాని జోలికి మేం పోలేదు.

[క్లోజప్: ఫోర్క్ గీతలు.]

కూలేది అతుకు దగ్గరే. ఊరికే నొక్కి అంటిస్తే ఆరాక ఊడొస్తుంది. రెండువైపులా ఫోర్క్‌తో గీతలు గీసి, నీళ్ళు కలిపిన మట్టి గుజ్జు రాసి అతకాలి. ఆరబెట్టడం నీడలోనే, ఎండలో బీటలు వారుతుంది.

ఆఖరి పరీక్ష: నలుగురూ చెక్క నాలుగు మూలలు పట్టుకుని లిఫ్ట్ దాకా మోయాలి. ఒక్క మినార్ పడ్డా మళ్ళీ మొదటికే. మాది మొదటిసారి మూడో పిల్లర్ దగ్గర కూలింది, ఒకడు పరిగెత్తాడు మరి. తిట్టుకున్నారు, మళ్ళీ ముద్ద చేశారు. ఆరిపోయినా బాధ లేదు, కాల్చని మట్టి నానబెడితే మెత్తబడుతుంది.

రెండోసారి బుడ్డోడు అడుగులు లెక్కపెట్టాడు. మిగతా ముగ్గురూ ఆ లెక్కకే నడిచారు.

[చెక్క లిఫ్ట్ ముందు దిగుతుంది. అడ్డంగా ఎవరిదో స్కూటీ.]